నాలుగు పొరల కింద

"ఆగస్టు తొమ్మిది. వరద. డెబ్భై ఒక్కేళ్ళ ముసలాయన. కాలు జారింది, కొట్టుకుపోయాడు, బురదలో కూరుకుపోయాడు. ఇందులో ఇంకా ఏం తవ్వుతావ్, కాంగ్ అక్కా?"

రెన్ బోతావ్ గోతి గట్టు మీద నిలబడి గడియారం చూసుకున్నాడు. ఉదయం పదకొండూ నలభై.

కాంగ్ యూచిన్ గోతిలోంచి తల ఎత్తలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, గోతి గోడను పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా దులుపుతోంది. ఆమె కౌంటీ పోలీసుల్లో నేర విభాగం చూస్తుంది. రెన్ నగర పోలీసుల నుంచి వచ్చిన అధికారి. ఇద్దరూ ఒకే ఏడాది శిక్షణ పొందారు. ఆమె అతనికన్నా ఆరు నెలలు పెద్ద. ఆ ఆరు నెలల వంకతో పద్దెనిమిదేళ్ళుగా అతను ఆమెను అక్కా అని పిలుస్తున్నాడు. ఆ పిలుపులో ప్రేమ ఏమీ లేదు.

మొన్న ఈ గొయ్యి తవ్వింది బొగ్గు గని యంత్రం. షాజావ్ లోయకి అడ్డంగా కట్టిన ఈ మట్టికట్ట పని కొండల మీంచి జారే బురదని ఆపడం. ఆగిన బురద ఎండితే చదునైన పొలం అవుతుంది, దాంట్లో మొక్కజొన్న వేస్తారు. 'ఆదర్శ భూసంరక్షణ కట్ట' అని ఒక బోర్డు పాతడానికి గనివాళ్ళు ఆ పొలంలో గొయ్యి తీయించారు. ఛాతీ లోతు తవ్వేసరికి యంత్రం దంతాలకి మనిషి కాలు తగిలింది.

తువో షువాన్. ఇరవై ఆరేళ్ళు ఈ కట్టకి కావలి కాసిన మనిషి. వాన ఎంత పడిందో కొలిచి, వరదనీళ్ళు సీసాల్లో పట్టి, భూసంరక్షణ కేంద్రానికి అందజేయడం ఆయన పని. ఫోన్ లేని ఆయన్ని చూడ్డానికి పట్నం నుంచి వచ్చిన కూతురు ఐలియాన్, ఆయన కనబడటం లేదని కిందటేడు ఆగస్టు పన్నెండున ఫిర్యాదు చేసింది. ఆగస్టు తొమ్మిది పొద్దున్న ఆయనే తన చేతికి కొలతలు ఇచ్చి వెళ్ళాడని కేంద్రంలో పనిచేసే గావ్ జుంచెంగ్ అప్పుడే వాంగ్మూలం ఇచ్చాడు. ఆ మధ్యాహ్నమే పెద్దవాన పడింది.

"మూడింటికి కింద షావాన్ ఊళ్ళో, కట్ట చూడ్డానికొచ్చే తనిఖీ సంఘం సభ ఉంది. రెండొందల మంది వస్తారు. ఆ లోపు ఈ గొయ్యి పూడ్చేసి బోర్డు పెట్టాలట. నేను సరేనన్నాను," అన్నాడు రెన్.

"ఎవరినడిగి అన్నావ్?"

"ఎవర్నడగాలి? నిన్నా?"

కాంగ్ వెనక్కి తిరిగి, గట్టు మీద కూర్చున్న ఐలియాన్‌ని పిలిచింది. నలభై దాటిన మనిషి. పట్నంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. పొద్దుటి బస్సుకి వచ్చి, తండ్రిని తీసిన గోతి పక్కనే, ఏడవకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఐలియాన్, ఈ గోడ చూసి నాకు చదివి చెప్పగలవా?"

ఐలియాన్ గోతిలోకి దిగింది. గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"చిన్నప్పుడు మా నాయన నేర్పించినాడు మేడం. వరద వచ్చినప్పుడు బరువైంది ముందు దిగుతుంది, ఇసక. తర్వాత మెత్తటి బురద. అది ఎండితే పైన మీగడ కట్టినట్టు ఉంటాది. ఒక ఇసక, ఒక మీగడ, రెండూ కలిస్తే ఒక వాన." వేలితో కింది నుంచి పైకి గీసింది. "ఇది జానెడు. దీని మీద జానెడున్నర. ఇది రెండే వేళ్ళు, చిన్నవాన. పైది రెండు జానలు. నాలుగు."

కాంగ్ జేబులోంచి కాగితం తీసింది. వాతావరణ శాఖ నుంచి ఆమె నిన్ననే తెప్పించుకున్న లెక్క అది. "కిందటేడు వరదొచ్చిన వానలు నాలుగే. జూన్ పదకొండు, ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. జూన్ ఇరవై తొమ్మిది, నలభై ఒకటి. జూలై పదిహేడు, పదిహేను. ఆగస్టు తొమ్మిది, తొంభై ఆరు. ఈ ఏడు ఇంతవరకు ఒక్కటీ లేదు." తల ఎత్తి రెన్‌ని చూసింది. "శవం దొరికింది అన్నిటికన్నా కింది పొరలో. ఒంటి కింద నలిగినవి నాలుగాకుల మొక్కజొన్న మొక్కలు. ఆగస్టుకి మొక్కజొన్న మనిషెత్తు ఉంటుంది. ఈయన పోయింది జూన్ పదకొండున, బోతావ్. రెండు నెలల ముందు."

రెన్ టోపీ సర్దుకున్నాడు. "సరే, జూన్ పదకొండే అనుకో. అప్పుడూ వరదే కదా? తల వెనక దెబ్బ ఉంది, రాయి తగిలి ఉంటుంది."

"ఈ గోడలో రాయి చూపించు."

అతను దిగలేదు. ఐలియాన్ కింది పొరలోంచి గుప్పెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపింది. పిండిలా రాలింది. అందులో గోరంత నల్లటి బొగ్గు పెచ్చులు మూడు నాలుగు కనిపించాయి, అంతే.

"ఇక్కడ నీళ్ళు నిలబడతాయి, పారవు. పుర్రె పగలగొట్టే రాయి ఇంతదూరం రాదు," అంది కాంగ్. "ఇంకోటి. శవపరీక్ష చేసిన డాక్టర్ పొద్దున్న ఫోన్ చేశాడు. ఆయన గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో సిమెంటు గట్టిపడి ఉంది. పచ్చి సిమెంటులో చేతులు పెట్టి లాగినట్టు."

గోతికి నలభై అడుగుల దూరంలో, బురద మీంచి నడుమెత్తు తేలి ఉంది ఇటుకల తూము. ఆగిన నీళ్ళు దాంట్లోకి దిగి, కట్ట అడుగు నుంచి అవతలికి పోవాలి. కాంగ్ దాని వైపు నడిచి, మూత రాతిని పక్కకి జరిపి, టార్చి వేసి చూసింది. అరచేయి లోతులో బూడిదరంగు కాంక్రీటు, గోడ నుంచి గోడ దాకా.

"బురద లోపలికి పోకుండా గనివాళ్ళు మరమ్మతు చేయించుంటారు," అన్నాడు రెన్.

"నీళ్ళు కూడా పోకుండానా? ఆ రోజు ఎవరో దీన్ని మూస్తుంటే ముసలాయన చేతులతో తవ్వి తెరవబోయాడు. ఎవరో వెనక నుంచి కొట్టారు. సాయంత్రం వాన వచ్చి పైన బురద కప్పింది."

"నీ మీగడ పొరలు కోర్టులో చెప్పుకో అక్కా. నేను ప్రమాదం అని రాసేశాను. సభలో నేనుండాలి." అతని జీపు కట్ట దిగి షావాన్ వైపు వెళ్ళిపోయింది.

ఐలియాన్ చేతిలోని నల్ల పెచ్చుల్ని ఇంకా చూస్తోంది. "మేం చిన్నగా ఉన్నప్పుడు ఈ కొండలన్నీ బోడివే మేడం. గొర్రెలు, జొన్న చేలు, వానొస్తే కొండంతా కరిగి నదిలోకి. ఫ్యాక్టరీలు వచ్చి మమ్మల్నందర్నీ పట్నానికి లాక్కుపోయినాయి. గొర్రెల్ని దొడ్లో కట్టేయమన్నారు. పదేళ్ళకి గడ్డి లేచింది. నేల ఊపిరి పీల్చుకుంటోంది పిల్లా, నువ్వు వెళ్ళడమే మంచిదైంది అన్నాడు నాయన. నాకేమో ఏడుపొచ్చింది. తర్వాత గని వచ్చింది. లోయ తల మీద రాళ్ళూ మట్టీ పోసినారు. అప్పట్నుంచి నల్లనీళ్ళు."

"నువ్వు మీ నాయన ఇంట్లో ఉండు. కట్ట మీదకి మాత్రం రాకు," అంది కాంగ్.

లోయ పక్క కొండలో తొలిచిన గుహ ఇల్లు అది. వాకిట్లోంచి కట్టంతా కనిపిస్తుంది.

* * *

భూసంరక్షణ కేంద్రం కొత్త భవనం. రెండంతస్తులు, గని కట్టించి ఇచ్చింది. గావ్ జుంచెంగ్ గదిలో అరల నిండా మట్టి సీసాలు. ముప్పై నాలుగేళ్ళ వాడు, సన్నటి మెడ. టీ పోశాడు. ఒంటిగంటా పది.

"తువో షువాన్ నీకు చివరిసారి కొలతలిచ్చింది ఎప్పుడు?"

"ఆగస్టు తొమ్మిది పొద్దున్న. ఎనిమిదిన్నరకి."

"ఎక్కడ?"

"ఇక్కడే. ఈ కుర్చీలో కూర్చున్నారు తాత."

"జూలై పదిహేడు వాన కొలత కూడా ఆయనే తెచ్చాడా?"

"ఆయనే."

"ఎంత?"

"పదిహేను."

"నీళ్ళ రంగు?"

"పసుపు మట్టి రంగు. మామూలే."

కాంగ్ సంచిలోంచి నాలుగు చిన్న డబ్బాలు తీసి వరసగా బల్ల మీద పెట్టింది. గోతి గోడలోంచి తీసిన నాలుగు పొరల మట్టి. మొదటి డబ్బా పసుపు, అక్కడక్కడ నలుపు. రెండోది బూడిద. మూడోది ఇంకా ముదురు. నాలుగోది పొయ్యిలోంచి తీసినట్టుంది.

"మూడోది జూలై వాన. ఇదేనా మామూలు పసుపు మట్టి, గావ్?"

అతను డబ్బా వైపు చూసి, టీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"తువో షువాన్ జూన్ పదకొండున చచ్చిపోయాడు. జూలైలో ఈ కుర్చీలో కూర్చుంది ఎవరు?"

టీ కప్పు పళ్ళెంలో చప్పుడు చేసింది.

"జూన్... పదకొండా?" అన్నాడు నెమ్మదిగా. "ఊరెళ్ళాడన్నారు మేడం. పట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళాడు, వచ్చేదాకా ఆయన పేరు మీద నువ్వే రాసెయ్ అన్నారు. ఆగస్టులో కనపడట్లేదని తెలిశాక, తొమ్మిదిన చూశానని చెప్పు, లేకపోతే దొంగ కొలతలు రాసినందుకు నీ ఉద్యోగం పోతుంది అన్నారు."

"ఎవరు?"

"యిన్ సార్. మా ఇంజనీరు. అప్పుడే, జూన్‌లోనే, లాన్‌జోవ్ నగరానికి బదిలీ మీద వెళ్ళారు. కాగితం వచ్చింది. అక్కణ్ణుంచే అన్నీ చూస్తారు." ఫోన్ తీసి చూపించాడు. ఏడాది నిండా మెసేజ్‌లు. చివరిది ఇవాళ పదీ నలభైకి: *పోలీసులు మళ్ళీ అడిగితే అదే చెప్పు.*

"ఇప్పుడే ఫోన్ చెయ్యి."

చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది.

"ఆయన ఎత్తరు మేడం. ఇప్పుడు చెవి సరిగ్గా వినపడట్లేదంటారు. మెసేజే."

"నీళ్ళు నల్లగా వస్తున్నాయని నీకు తెలుసు. పసుపని రాశావ్. ఎందుకు?"

గావ్ అరల వైపు చూశాడు. "మేడం, నేను చేరినప్పుడు ఈ కేంద్రం మూసేస్తామన్నారు. కొండలన్నీ పచ్చబడ్డాయి, నది తేటగా ఉంది, కొలవడానికి మట్టే లేదు. ఎనిమిది మందిమి ఇద్దరమయ్యాం. గని వచ్చాక మళ్ళీ మాతో పని పడింది. కట్ట దాటి మట్టి నదిలోకి పోవట్లేదని మేం రాస్తేనే వాళ్ళకి అనుమతి. నిజంగానే పోవట్లేదు. ఒక్క చుక్క పోలేదు. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను."

"తూము మూసేశారు కాబట్టి పోలేదు."

అతను తల దించుకున్నాడు. "జూలైలో చూశాను. మరమ్మతు అని మెసేజ్ పెట్టారు సార్."

కిటికీ అద్దం మీద ఏదో టప్పున తగిలింది. తర్వాత ఇంకొకటి. కాంగ్ లేచి చూసింది. లోయ తల వైపు ఆకాశం లేదు. కొండ ఎక్కడ ఆగిందో మబ్బు ఎక్కడ మొదలైందో తెలియని ఒకే నలుపు. రెండూ అయిదు.

ఫోన్ మోగింది. ఐలియాన్. వాన హోరులో అరుస్తోంది. "మేడం, పైన గని దిబ్బ జారింది! సగం దిబ్బ వచ్చి నీళ్ళలో పడింది. గొయ్యి కనపడటం లేదు, తూము మునిగిపోయింది!"

గావ్ బల్ల పట్టుకుని లేచాడు.

"కట్టకి అలుగు లేదు మేడం. పాతకాలం కట్ట. ఎక్కువైన నీళ్ళు పోవడానికి తూము తప్ప దారి లేదు. పైకొచ్చి కట్ట మీంచి పొర్లిందంటే, పచ్చిమట్టి, అరగంట కూడా ఆగదు." కిటికీలోంచి కిందికి చూశాడు. "కింద షావాన్‌లో సభ... మా అమ్మ ఉంది అక్కడ. ముందు వరసలో కుర్చీ వేయించానని పొద్దున్నే చెప్పాను."

కాంగ్ అప్పటికే రెన్‌కి ఫోన్ చేస్తోంది. కట్ చేశాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి మెసేజ్ రాసింది: *తూముకి కాంక్రీటు. అలుగు లేదు. దిబ్బ జారింది. నీ నెత్తి మీద చెరువుంది.*

అర నిమిషానికి అతనే చేశాడు.

"టైమెంతుంది?"

"తెలీదు."

"సరే."

అంతే. పెట్టేశాడు.

* * *

కాంగ్ జీపు షావాన్ పై మలుపు తిరిగేసరికి రెండూ యాభై. బడి ఆవరణలో కుర్చీలు తిరగబడి ఉన్నాయి, ఎర్రగుడ్డ బ్యానరు వానకి స్తంభానికి అతుక్కుపోయింది. చేతి మైకులో రెన్ గొంతు బొంగురుపోయింది. "సామాన్లొద్దు! ఆ బస్తా వదిలెయ్ బాబాయ్, నిన్ను మోయాలా బస్తాని మోయాలా? పైకి! ఆపిల్ తోటలోకి, పైకి!" తనిఖీకి వచ్చిన పెద్దమనుషులు బూట్లు చేత్తో పట్టుకుని ముసలమ్మల వెనకాల కొండెక్కుతున్నారు. రెన్ వీపు మీద ఒక అవ్వ ఉంది. ఆమె అతని చెవిలో ఏదో తిడుతోంది.

గావ్ జీపు ఆగకముందే దూకాడు. తోట గట్టు మీద చిన్న ముక్కాలి పీట పట్టుకుని నిలబడ్డ తల్లిని చూసి, దగ్గరికి వెళ్ళలేక ఆగిపోయాడు.

"తడుస్తా నిలబడ్డావేం రా? నా చెప్పొకటి కిందుండిపోయింది, పోయి తీసుకురా!" అంది ఆమె.

అతను ఆమె పీట పట్టుకున్న చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

మూడూ ఎనిమిదికి కట్ట తెగింది. ముందు పైనుంచి పెద్ద బండి ఏదో వస్తున్నట్టు నేల అదిరింది. తర్వాత లోయ మలుపులోంచి నల్లటి గోడ తిరిగింది. నీళ్ళు కావు. ఇరవై ఆరేళ్ళుగా ఒక మనిషి కాపలా కాసిన మట్టి, దాని మీద గని రాళ్ళు. బడి ఆవరణ దానికి ఒక్క గుటక. బ్యానరు స్తంభం కాసేపు నిలబడి, వంగి, పోయింది. వూదింగ్ నది దాకా, అక్కణ్ణుంచి హొయాంగ్ హో మహానది దాకా ఇక దానికి అడ్డం లేదు.

తోటలో తలలు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. అందరూ ఉన్నారు.

రెన్ గట్టు మీద కూర్చుని, తడిసిన టోపీ పిండాడు. కాంగ్ పక్కన నిలబడింది.

"ప్రమాదమని రాసిన ఆ కాగితం చింపేస్తాను," అన్నాడు, ఆమెను చూడకుండా.

"చింపకు. పక్కన పెట్టు. గొయ్యి కూడా పోయింది. నా దగ్గర నాలుగు డబ్బాలే మిగిలాయి. నువ్వేం రాశావో, ఎందుకు రాశావో, అదీ కావాలి నాకు."

అతను చురుగ్గా చూశాడు. తర్వాత తల ఊపాడు.

* * *

అయిదూ ఇరవైకి వాన వెలిసింది. కాంగ్, రెన్, గావ్ కొండ దారిన పైకి నడిచారు. వాళ్ళని చూసి ఐలియాన్ గుహ ఇంటి వాకిట్లోంచి దిగి వచ్చింది. గండిలోకి దిగి చూసి వచ్చినట్టు ఆమె మోచేతుల దాకా బురద.

కట్ట నడిమధ్యన పెద్ద గండి. వెనకున్న పొలం కోసుకుపోయి, రెండు పక్కలా మూడు నిలువుల ఎత్తు గోడలు లేచాయి. వాటి మీద సన్నటి గీతలు వందలకొద్దీ. కింద పసుపు, పైన నలుపు. ఐలియాన్ ఆ గీతల్ని చూడలేదు. నేరుగా చెయ్యి చాచింది.

"అది చూడండి. అందుకే ఫోన్ చెయ్యబోయినాను, చేతులాడలేదు."

తూము చుట్టూ ఉన్న మట్టంతా పోయింది. అది ఒంటరిగా, పక్కకి ఒరిగి నిలబడి ఉంది. ఒకవైపు ఇటుకలు ఊడిపోయాయి. లోపల పోసిన కాంక్రీటు స్తంభంలా బయటపడింది. నడిమి ఎత్తులో, ఇటుకల మధ్య నీళ్ళు దూరే కన్నం దగ్గర, కాంక్రీటు మీద లోతైన గీతలు ఉన్నాయి. పది వేళ్ళు పచ్చి సిమెంటుని దోసిళ్ళతో తోడిన గీతలు.

ఆ గీతల లోపల నీలం రంగు రబ్బరు గుడ్డ. దాని చివర ఎముకల చెయ్యి.

తువో షువాన్ తవ్వింది నీళ్ళ కోసం కాదు. లోపలున్న మనిషిని బయటికి లాగడానికి తవ్వాడు.

"అది మా కేంద్రం వానకోటు," అన్నాడు గావ్. "ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. నాది అయిదు."

రెన్ బురదలోకి దిగి, తూము పట్టుకుని, తడిగుడ్డ మడత వేలితో విప్పాడు. తెల్లరంగు అంకె చెరిగిపోయినా తెలుస్తోంది.

"మూడు."

గావ్ అడుగు వెనక్కి వేశాడు. "మూడు యిన్ సార్‌ది."

"లాన్‌జోవ్‌లో ఉన్నాడన్నావ్," అన్నాడు రెన్.

"ఉన్నారు. పొద్దున్న కూడా మెసేజ్..." మాట మధ్యలో ఆగిపోయింది. గావ్ కళ్ళు కాంక్రీటులోని చేతి మీద నిలిచిపోయాయి. ఏడాది పాటు ఆ చేతి పేరు మీద వచ్చిన ఆజ్ఞలన్నీ ఒక్కొక్కటీ పాటించినవాడు అతను.

అతని జేబులో ఫోన్ కదిలింది.

గావ్ తీయలేకపోయాడు. కాంగ్ అతని జేబులో చెయ్యి పెట్టి ఫోన్ బయటికి తీసింది. తెర మీద పేరు యిన్. కింద ఒకే వరస.

*నలుగురూ తూము దగ్గర్నుంచి పక్కకి జరగండి.*

యిన్ ఫోన్ ఎవరి దగ్గరుందో వాళ్ళు తమని చూస్తున్నారు. కాంగ్ తల ఎత్తింది. ఎదుటి కొండ మీద, గని దారి మలుపులో, తడిసిన గడ్డి మధ్య తుపాకీ గొట్టంలాంటి లోహం ఏదో ఎండకి ఒక్కసారి మెరిసింది.

"ఐలియాన్," అంది చాలా నెమ్మదిగా, "కింద పడుకో."